రెండు కాంటాలు, ఒక్క జాగ

మా ఇంటి ముందటి గదిని పాల కేంద్రానికి కిరాయికి ఇచ్చినప్పటి నుంచి, ఎవరింట్లో బర్రె ఈనిందో, ఎవరి ఆవు ఒట్టిపోయిందో అడగకుండానే తెలుస్తోంది. వంటింటి కిటికీ ఆ గదిలోకే తెరుచుకుంటుంది. పొయ్యి మీద పప్పు పెట్టి తల తిప్పితే చాలు, రెండు కాంటాలు, వరుసగా క్యాన్లు, గోడ మీద టీవీ, దాని కింద నర్సింహ కుర్చీ కనబడతాయి. నర్సింహ ఒకప్పుడు వార్డు మెంబరు. ఇప్పుడు కేంద్రం ఆయన చేతుల మీదుగా నడుస్తోంది. పాలు తీసుకునేటప్పుడు కూడా ఓట్లడిగే గొంతుతోనే మాట్లాడతాడు.

మా ఊరు మొయినాబాద్‌కు, చేవెళ్లకు నడుమ, పెద్ద రోడ్డు వదిలి కొంచెం లోపలికి ఉంటుంది. ఫాంహౌసుల గోడలు పొలాల అంచుదాకా వచ్చాయి కానీ పాలు పోసే ఇళ్లు తగ్గలేదు. మొన్నమొన్నటిదాకా కేంద్రంలో ఒకటే కాంటా. పొద్దున వరుస మా గేటు దాటి వీధిలోకి పోయేది. పిల్లల్ని బడికి పంపాల్సిన ఆడవాళ్లు గొణుక్కుంటూ నిలబడేవాళ్లు. చివరికి డెయిరీ వాళ్లు రెండో కాంటా, పాలలో వెన్న ఎంతుందో చూపించే రెండో ఫ్యాట్ మిషన్ ఇచ్చారు. కంప్యూటర్ మాత్రం పాతదే, ఒక్కటే. రెండు కాంటాలనూ దానికి కలిపే పని "చూద్దాం" అని వదిలేసి వెళ్లిపోయారు.

ఆ పని మా జెన్నీ తీసుకుంది. జెన్నీ నా కూతురు. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టుగా ఇదే చేస్తానని వాళ్ల సార్‌ను ఒప్పించి, సెలవుల్లో కూర్చుని రాసింది. వరుస సగమైంది. నర్సింహ బస్‌స్టాపులో కనబడ్డ వాళ్లందరికీ "మా ఊరి పిల్ల చేసింది" అని చెప్పుకున్నాడు. నాకూ సంతోషంగానే ఉండేది.

పద్ధతి ఇది. పాలను కాంటా మీది బకెట్‌లో పోస్తారు. నర్సింహ అందులోంచి చిన్న కప్పుడు తీసి ఫ్యాట్ మిషన్‌కు పెడతాడు. పోసినామె తన కార్డు పెట్టి పచ్చ బటన్ నొక్కుతుంది. కాసేపటికి టీవీలో పేరు, లీటర్లు, ఫ్యాట్ పడతాయి. అవే చేవెళ్ల ఆఫీసుకు పోతాయి. ఎప్పుడైనా పేరు పడకపోతే నర్సింహ తల ఎత్తకుండానే "మళ్ల నొక్కు" అంటాడు. మళ్లీ నొక్కితే పడుతుంది.

కౌసల్యమ్మ, రామమ్మ యారాండ్లు, అంటే తోడికోడళ్లు. ఒకే కొట్టంలో కూర్చుని పాలు పిండిన మనుషులు. వేరు పడ్డప్పుడు బర్రెలు పెద్దామె కౌసల్యమ్మ వైపు వచ్చాయి. రామమ్మ కోపంతో జెర్సీ ఆవులు కొన్నది. కొట్టం నడుమ గోడ లేచింది. అప్పటి నుంచి మాటల్లేవు. కానీ ఇద్దరిదీ ఒకే సందు, పాలు పిండేదీ ఒకే వేళ కాబట్టి ఇద్దరూ ఒకేసారి మా గేటు దగ్గర తేలేవాళ్లు. ఒక్క కాంటా ఉన్నప్పుడు ముందు అడుగు పెట్టినామెది గెలుపు. రెండు కాంటాలు వచ్చాక పందెం బటన్ దగ్గరికి మారింది. టీవీలో ఎవరి పేరు ముందు పడితే వాళ్లదే ఆ పూట. కార్డు పెట్టి, బటన్ మీద వేలు ఆనించి, ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ నిలబడేవాళ్లు. నేను కిటికీలోంచి చూసి నవ్వుకునేదాన్ని.

నవ్వులాట ఒక పొద్దున ఆగిపోయింది. టీవీలో కౌసల్యమ్మ పేరు పక్కన ఫ్యాట్ మూడు చిల్లర అని పడింది. బర్రె పాలకు ఏడు తగ్గని మనిషి ఆమె.

"ఏంది వదినా, బర్రెకు సుస్తీ అయిందా?" అన్నాడు నర్సింహ.

"నా బర్రె మంచిగనే ఉన్నది. నీ మిషన్‌కు సుస్తీ అయిందేమో చూడు."

కొన్నాళ్లకు మళ్లీ అదే పడింది. తర్వాత ఇంకోసారి. వరుసలోంచి ఎవరో "బోరు మంచిగ పోస్తున్నట్టున్నది" అన్నారు. అందరూ నవ్వారు. రామమ్మ నవ్వలేదు కానీ నోరూ విప్పలేదు. చేవెళ్ల నుంచి నర్సింహకు ఫోను వచ్చింది. ఆయన ఈసారి ఓట్లడిగే గొంతుతో కాదు, కేసు చదివే గొంతుతో చెప్పాడు.

"వదినా, ఏమనుకోకు. పాలల్ల నీళ్లు కలుస్తున్నయని ఆఫీసోళ్లు అంటున్రు. శనివారం సూపర్‌వైజర్ వస్తడట. నీ కార్డు బంద్ పెట్టుడేనట."

కౌసల్యమ్మ క్యాను మూత పెట్టింది. తొందరపడలేదు. మూత సరిగ్గా కూర్చుందో లేదో వేలితో చూసుకుంది.

"నేను పాలమ్ముకుంట నర్సింహా. నీళ్లు అమ్ముకోను" అని క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం రాలేదు. మర్నాడూ రాలేదు.

మా ఊళ్లో తాగి పడిపోయినవాణ్ణి మరిచిపోతారు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి మరిచిపోతారు. పాలలో నీళ్లు కలిపిందన్న పేరు మాత్రం మనిషితో పాటు కోడళ్లకూ అంటుకుంటుంది. నాకు ఆ పొద్దు అన్నం సహించలేదు. ఎందుకంటే ఇంకొకటి కూడా నేను చూస్తూ వచ్చాను. కౌసల్యమ్మ ఫ్యాట్ పడిపోతున్న ఆ రోజుల్లోనే, అప్పుడప్పుడు రామమ్మ జెర్సీ ఆవు పాలకు ఏడు పడింది.

రామమ్మ అది తన అజొల్లా మహిమ అనుకుంది. అజొల్లా అంటే తొట్టిలో నీళ్ల మీద పెంచే నాచులాంటి పచ్చమేత. ఆమె పెరట్లో తొట్టి కట్టి పెంచుతోంది. ఏడు పడ్డప్పటి నుంచి ఆడవాళ్లు గుంపులుగా చూడడానికి పోయారు. సగం ఇళ్లలో తొట్లు లేచాయి. నాకు ఆవు లేకపోయినా రామమ్మ దోసెడు అజొల్లా తెచ్చి, "ఉంచుకో జ్యోతక్కా, ఎప్పుడన్న పనికొస్తది" అని ఇచ్చింది.

కాలేజీ నుంచి వచ్చిన జెన్నీకి చాయ్ ఇస్తూ అడిగాను.

"జెర్సీ ఆవుకు ఏడు ఫ్యాట్ ఎట్ల వస్తది జెన్నీ?"

"రాదు. మిషన్ సరిచేయాలేమో."

"మిషన్ అయితే అందరికీ తప్పు రావాలె గద. బర్రె పాలకు ఆవు ఫ్యాట్, ఆవు పాలకు బర్రె ఫ్యాట్. అది కూడ ఆ ఇద్దరికే."

"మమ్మీ, నేను టెస్ట్ చేసిన. ఈ కాంటా చూసిన, ఆ కాంటా చూసిన. మా సార్ కూడ చూసిండు." గొంతులో కొంచెం కోపం వచ్చింది.

"రెండూ కలిపి చూసినవా?"

జెన్నీ చాయ్ ఊదుకుంటూ కూర్చుంది. నేను ఊరుకోలేదు. "పేరు పడకపోతే మళ్ల నొక్కుమంటరు. ఎందుకు పడలేదో ఎవరన్న అడిగిన్రా? ఆ పేరు ఎక్కడికి పోయింది?"

జెన్నీ చాయ్ గ్లాసు కింద పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి పోయి తన ప్రోగ్రాం తెరిచి చాలాసేపు చూసింది. నేను పప్పు తాలింపు పెట్టి వచ్చేసరికి రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చుంది.

"మమ్మీ, మెహదీపట్నంల చేవెళ్ల బస్సు రాంగనే మనోళ్లు ఏం చేస్తరు?"

"కిటికీలకెళ్లి సీట్ల దస్తీనో, తువ్వాలనో ఏస్తరు."

"ఈ కిటికీకాడ ఒకామె, ఆ కిటికీకాడ ఒకామె. ఇద్దరు ఒకటేసారి చూస్తే ఒకటే సీటు ఖాళీగ కనవడ్డది. అప్పుడు?"

"రెండు దస్తీలు పడ్తయ్. ఇగ కొట్లాటే."

"కొట్లాట అయితే మంచిదే మమ్మీ, తెలుస్తది. నా ప్రోగ్రాంల కొట్లాట లేదు. సప్పుడు చేయకుండ ఒకల మీద ఒకలు కూసున్నరు."

తర్వాత విడమరిచి చెప్పింది. నేను డిగ్రీ చదివిన రోజుల్లో మా కాలేజీలో కంప్యూటర్ గదికి తాళమే ఉండేది, అయినా అర్థమైంది. కంప్యూటర్ మెమరీలో ఒక వరుస గళ్లు ఉంటాయి. రెండు కాంటాలకూ ఆ వరుస ఉమ్మడి. బటన్ నొక్కగానే ఆ కాంటా తరఫు ప్రోగ్రాం ఖాళీ గడి ఏదో చూసుకుంటుంది. అందులో పేరు, లీటర్లు రాస్తుంది. మిషన్ ముందే కొలిచి పెట్టుకున్న ఫ్యాట్‌ను రెప్పపాటులో చెబుతుంది, అప్పటిదాకా ఆగి అదీ రాస్తుంది. అప్పుడు గడి నిండిందని గుర్తు పెడుతుంది. ఇంకో ప్రోగ్రాం నిండిన గళ్లను వరుసగా తీసుకుని టీవీకి, చేవెళ్లకు పంపుతుంది. చిక్కు ఎక్కడంటే, ఒకామె గడి చూసుకుని అది నిండిందన్న గుర్తు పెట్టేలోపల రెండో ఆమె కూడా బటన్ నొక్కితే, ఆమెకూ అదే గడి ఖాళీగా కనబడుతుంది. ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు పడుతుంది. ఏ మిషన్ ఆఖరున చెబితే ఆ ఫ్యాట్ మిగులుతుంది. పేరు పోయినామెను మళ్ల నొక్కమంటారు కాబట్టి ఆమెది సరిగ్గానే పడుతుంది. తప్పు ఇంకో ఆమె నెత్తిన ఉండిపోతుంది.

"మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు నొక్కుతరు. రెప్పపాటు తేడా లేకుండ నొక్కేది ఊరు మొత్తంల ఆ ఇద్దరే" అంది జెన్నీ. కుర్చీ వెనక్కి జరిపింది. "కౌసల్య పెద్దమ్మను దొంగను చేసింది నేనే మమ్మీ."

"అయితే పోదాం పద. ఆమెకు చెప్పాలె."

"ఇప్పుడేనా? ముందు రుజువు కావాలె. నేను అనుకుంటే సరిపోదు, నర్సింహ మామ కండ్లతోని చూడాలె. దానికి ఆ ఇద్దరే వచ్చి నొక్కాలె."

కౌసల్యమ్మ వాకిట్లో పెరుగు చిలుకుతోంది. అమ్మకుండా మిగిలిన పాలన్నీ పెరుగై, ఇల్లంతా గిన్నెలే.

"రా జ్యోతీ. చాయ తాగుతవా? పాలు మస్తున్నయ్. నీళ్లే తక్కువ" అంది.

జెన్నీ ఆమె ముందు నేల మీద కూర్చుంది. "పెద్దమ్మా, తప్పు నీ పాలది కాదు. నా ప్రోగ్రాందేమో అనిపిస్తున్నది."

"నీకు అనిపిస్తున్నది బిడ్డా. నన్ను నలుగురి ముందట అనిన్రు." కవ్వం ఆపలేదు.

ఏం కావాలో జెన్నీ చెప్పింది. రామమ్మ పేరు రాగానే కవ్వం ఆగింది.

"దానితోనా? పోయి దాన్నే అడుగుండ్రి. అది వస్తే నేనొస్త. అది రాదు. వస్తే దాని ఏడు పోతది గద." ఏడు ఫ్యాట్ సంగతి ఆమెకూ తెలుసు. ఎవరూ చెప్పకముందే మనసులో లెక్క వేసుకుని కూర్చుంది.

గోడకు అవతల రామమ్మ అజొల్లా తొట్టి దగ్గర జల్లెడతో మేత తీస్తోంది. జెన్నీ చెప్పిందంతా విని, తీసిన మేతను మళ్లీ నీళ్లలోకి జారవిడిచింది.

"అంటే నా ఏడు..."

"కౌసల్య పెద్దమ్మ బర్రెది చిన్నమ్మా."

"సగం ఊరు నా మాట విని తొట్లు కట్టిన్రు. ఇప్పుడేమని చెప్పాలె, నా ఆవుది అక్క బర్రె ఫ్యాటని?"

నేను బతిమాలలేదు. ఏం జరగబోతోందో మాత్రం చెప్పాను. "శనివారం ఆమె కార్డు బంద్ పెడుతరట."

రామమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. గోడ వైపు చూసింది. అవతల కవ్వం చప్పుడు లేదు. వింటోందని ముగ్గురికీ తెలుసు.

"ఆమె నోరు మంచిది కాదు" అంది రామమ్మ కావాలనే కొంచెం గట్టిగా. "వేరు పడ్డనాడు నన్నన్న మాటలు నేను మరువలె. కని ఆ ఇంట్ల ఉన్నన్ని ఏండ్లు పక్కన కూసొని పాలు పిండిన. ఆమె చెంబు కడిగితే తడి ఆరినంకనే పాలు పిండేది. సుక్క నీళ్లు కూడ పాలల్ల కలవొద్దని. నీళ్లు కలిపిందని అందరు నవ్వుతుంటే నాకెరుకే, అది అబద్ధమని. ఊకున్న. నా పేరు ముందట ఏడు ఉండె గద, నోరు రాలె." చెప్పులు వేసుకుంది. "పాండ్రి పోదాం."

ఆ మధ్యాహ్నం నర్సింహను పిలిపించాం. ఇద్దరూ చెరో క్యాను తెచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెరో కాంటా దగ్గర నిలబడ్డారు. జెన్నీ "ఒకటి, రెండు, మూడు" అంది. ఇద్దరూ నొక్కారు. టీవీలో రెండు పేర్లూ వాటి వాటి ఫ్యాట్‌తో సరిగ్గా పడ్డాయి. మళ్లీ నొక్కించింది. మళ్లీ సరిగ్గానే. చెప్పి నొక్కించేసరికి ఒకరు ముందవుతున్నారు, ఇంకొకరు ఆమె నొక్కిందో లేదో చూసి నొక్కుతున్నారు. జెన్నీ మాత్రం లెక్కపెడుతూనే ఉంది.

నర్సింహ కుర్చీలోంచి లేచాడు. "నీ ప్రోగ్రాం బంగారమోలె ఉన్నది బిడ్డా. ఊకె నెత్తి ఖరాబు చేసుకోకు. వదినా, నువ్వు కూడ ఫికర్ చేయకు, సూపర్‌వైజర్‌ను బతిమాలుకుందాం."

"బతిమాలుడెందుకు? నేను తప్పు చేసిన్నా?" అంది కౌసల్యమ్మ.

"తప్పు చేయకున్నా బతిమాలాలె. నీకు ఒంగుడు తెల్వదు, గదే నీ రోగం" అంది రామమ్మ. ఎన్నో ఏళ్ల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అదే.

"నాకు రోగమా? గోడ కట్టుమన్నదెవలు?"

"కట్టుమనేటట్టు చేసిందెవలు? ఎప్పుడు సూడు నీ మాటే ముందట ఉండాలె, నీ పేరే ముందట ఉండాలె."

"ఉంటది. పెద్దదాన్ని. ముందటే ఉంటది."

"ఉండనిస్తనా?"

ఇద్దరి చేతులూ ఒక్కసారే బటన్ల మీద పడ్డాయి. ఎవరూ ఒకటి, రెండు అనలేదు.

టీవీలో ఒక్క పేరే పడింది. కౌసల్యమ్మ. పక్కన ఫ్యాట్ మూడు చిల్లర.

నర్సింహకు అలవాటుగా నోట్లోంచి "మళ్ల నొ..." అని వచ్చి అక్కడే ఆగిపోయింది. కౌసల్యమ్మ ముందు బకెట్‌లో పాలు చిక్కగా, మీగడ కట్టబోతూ ఉన్నాయి. ఆయన ఆ పాలను చూశాడు, టీవీని చూశాడు, మళ్లీ పాలను చూశాడు. తల మీది రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"వదినా," అన్నాడు.

"ఇంకోసారి తిట్టుకుందామా అక్కా?" అంది రామమ్మ. కౌసల్యమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వా, ఏడుపా అని నేను పరీక్షగా చూడలేదు.

జెన్నీ అప్పుడే కూర్చుని ప్రోగ్రాం మార్చింది. గళ్ల వరుసకు ఒక తలుపు పెట్టానంది. ఒక కాంటా లోపలికి పోయి గడియ పెట్టుకుంటుంది. గడి చూసుకుని, రాసి, గుర్తు పెట్టి, గడియ తీసి బయటికి వస్తుంది. అప్పటిదాకా రెండోది తలుపు బయటే ఆగాలి. ఈసారి తానే రెండు చేతులతో రెండు బటన్లూ మాటిమాటికీ ఒకేసారి నొక్కి చూసుకుంది. పేర్లు ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడ్డాయి.

"రేపు పొద్దుగాల అందరి ముందట చెప్పు" అన్నాను.

"శనివారం సూపర్‌వైజర్‌కు చెప్తా గద మమ్మీ."

"పెద్దమ్మను అన్నది సూపర్‌వైజర్ ముందట కాదు, వరుసల. నువ్వు చెప్పాల్సింది కూడ వరుసలనే."

మర్నాడు పొద్దున వరుస సగం కూడా కదలకముందే టీవీ నిలిచిపోయింది. ఎవరు నొక్కినా పేరు పడదు. క్యాన్లు పెరిగాయి. "పాత కాంటనే నయముండె", "పాలు ఇరుగుతయ్ బిడ్డా, జర చూడు" అని అరుపులు మొదలయ్యాయి. జెన్నీ కంప్యూటర్ దగ్గరికి ఉరికింది. చూస్తే, నర్సింహ ఒక ఫ్యాట్ మిషన్ గొట్టం కడగడానికి నడుమలో ప్లగ్గు పీకాడు. ఆ కాంటా గడియ పెట్టుకుని లోపల మిషన్ మాట కోసం ఎదురుచూస్తోంది. మిషన్ ఇక మాట్లాడదు. లోపలున్నది బయటికి రాదు, బయట ఉన్నది లోపలికి పోదు.

జెన్నీ అందరి వైపు తిరిగింది. పారిపోతుందేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే. కానీ నిలబడింది.

"అందరు ఒక్క మాట వినుండ్రి. ఇప్పుడు ఆగింది నా తప్పే. కౌసల్య పెద్దమ్మకు ఫ్యాట్ తక్కువ పడ్డది కూడ నా తప్పే. ఆమె పాలల్ల నీళ్లు లేవు. రామమ్మ చిన్నమ్మ ఆవు ఫ్యాట్ ఆమె పేరు మీద పడ్డది. నిన్న నర్సింహ మామ కండ్లతోని చూసిండు."

బోరు మాట అన్నదెవరో నాకు తెలుసు. ఆమె తన క్యాను మూతలోకి చూసుకుంటోంది.

"అంటే రామమ్మ ఆవు ఏడు ఇయ్యలేదా?" అని వెనుక నుంచి బీరయ్య అడిగాడు. ఆయన పెరట్లో అందరికంటే పెద్ద తొట్టి.

"ఇయ్యలె బావా" అంది రామమ్మ. "అజొల్లా తింటే పాలు మంచిగనే ఇస్తది. బర్రె మాత్రం కాదు."

నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే ఎవరో, "ఇప్పుడెందుకాగింది, అది చెప్పు ముందు" అన్నారు. జెన్నీ తలుపు, గడియ సంగతి చెప్పింది.

"స్నానానికి పోయి లోపలికెళ్లి గడియ పెట్టుకొని, సబ్బు తెండ్రి అని మొత్తుకున్నట్టున్నది" అంది ఒకామె.

జెన్నీ ఆమె వైపు చూసి తల ఊపింది. "గంతే పిన్నీ. సబ్బు, తువ్వాల బయటనే పట్టుకొని పోవాలె." అందరినీ కాసేపు ఆగమని, ప్రోగ్రాంలో ఆ క్రమం మార్చింది. ఇప్పుడు కాంటా ముందు బయటే నిలబడి పేరు, లీటర్లు, ఫ్యాట్ అన్నీ చేతిలో పట్టుకుంటుంది. అప్పుడే లోపలికి పోతుంది. గడి చూసి, రాసి, గుర్తు పెట్టి బయటికి వచ్చేస్తుంది. లోపల ఎవరి కోసమూ ఆగదు. నర్సింహ కావాలనే ఇంకోసారి ప్లగ్గు పీకి చూశాడు. ఆ కాంటా ఒక్కటే ఆగింది, రెండోది నడిచింది. పాలు విరగలేదు.

కౌసల్యమ్మ ఆ పొద్దున రాలేదు. జెన్నీ చెప్పిన మాట ఆమెకు చేరిందని మాత్రం నాకు తెలుసు. ఊళ్లో మాట క్యాన్ల కంటే ముందే ఇల్లు చేరుతుంది.

శనివారం సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. కౌసల్యమ్మ అప్పటికే గేటు దగ్గర క్యానుతో నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆయన తన సంచిలోని సామాను తీసి ఆమె పాలను తన చేత్తో పరీక్ష చేశాడు. ఏడు దాటింది. నర్సింహ జరిగిందంతా చెప్పాడు, ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు "నీళ్లు కలుస్తున్నయేమో" అని తానూ అన్న సంగతి కూడా దాచకుండా. జెన్నీ తన తప్పు తాను చెప్పింది.

సూపర్‌వైజర్ ముఖం ముడుచుకున్నాడు. "అమ్మ కార్డు నడుస్తది, ఆఫీసుల రాసి దిద్దిస్త. కని ఈ పిల్లల ప్రోగ్రాంతోని ఇగ వద్దు. తీసేయుండ్రి. మాది వచ్చేదాక ఒక్క కాంటతోనే పోయుండ్రి."

వరుసలో ఒక నిట్టూర్పు లేచింది. జెన్నీ తల దించుకుంది. ఎదురు మాట్లాడే హక్కు తనకు లేదనుకుందేమో. నేను నోరు తెరవబోయాను. నాకంటే ముందు కౌసల్యమ్మ అంది:

"ఎందుకు తీసేయాలె సారూ?"

"నీ కోసమే అమ్మా. రేపు మళ్ల తప్పు పడితే?"

"పడితే పట్టుకుంటరు. మీరు నన్ను పది మందిల దొంగనంటిరి. ఎట్లయిందని ఒక్కరు ఒచ్చి చూడలె. ఈ పిల్ల చూసింది. ఎవరు అడగకముందే నా ఇంటికొచ్చి నేల మీద కూసున్నది. వరుసల నిలవడి తన తప్పని చెప్పింది. గసుంటిదాని ప్రోగ్రాం తీసేసి ఎవరిది పెడ్తరు? తప్పు చేసి చెప్పనోళ్లదా?"

సూపర్‌వైజర్ నర్సింహ వైపు చూశాడు. నర్సింహ టీవీ వైపు చూశాడు.

"నా కార్డు గురించి అడుగుతలేను. అది నాదే" అంది కౌసల్యమ్మ. "నన్నన్న మాట ఉన్నది గద, అది జర ఎనుకకు తీసుకోండ్రి. ఇక్కడనే. నోటితోని."

ఆయన కాసేపు సంచి జిప్పుతో ఆడుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎండలో ఊరూరూ తిరిగే మనిషి. "తప్పయింది అమ్మా" అన్నాడు చివరికి, అందరికీ వినబడేలాగే. తర్వాత జెన్నీతో, "నెల రోజులు చూస్త. ఏది తేడా వచ్చినా దాచకుండ నాకే ఫోన్ చెయ్యి" అని నంబరు ఇచ్చాడు.

జెన్నీ నంబరు ఎక్కించుకుంటుంటే కౌసల్యమ్మ ఆమె భుజం మీద ఒక్కటి వేసింది. "కండ్లనీళ్లెందుకు? పో, కాలేజీ బస్సు పోతది."

ఆ పూట వరుస అయిపోయాక గది కడుగుతూ వాకిలిలోంచి బయటికి చూశాను. కౌసల్యమ్మ మా కుళాయి దగ్గర క్యాను కడుక్కుని, నీళ్లు ఓడిపోయేదాకా బోర్లించి పట్టుకుంది. గేటు దగ్గర రామమ్మ తన క్యాను మూతను తీసి పెడుతూ, పెట్టి తీస్తూ నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి సందులోకి నడిచారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. గొంతులు మాత్రం పెద్దగానే ఉన్నాయి.